‘మండువా’ అని కొడితే ఏమీ రాలేదా? ఆర్కిటెక్చర్ రీసెర్చ్‌కి లైబ్రరీ జర్నల్స్, డేటాబేస్‌లు వాడుకునే పద్ధతి

మీ థీసిస్ టాపిక్ ఖాయమైంది. గైడ్ "ముందు లిటరేచర్ స్టడీ చేసుకుని రా" అన్నారు. మీరు ల్యాప్‌టాప్ తెరిచి టాపిక్ పేరు గూగుల్‌లో కొట్టారు. నాలుగు బ్లాగులు, కొన్ని ఫొటోలు, ఒకరి దగ్గర్నుంచి ఒకరు తీసుకున్న అవే పేరాలు వచ్చాయి. దీని మీద ఎవరూ ఏమీ రాయలేదని అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. కోనసీమ మండువా ఇళ్ళ (నడుమ ఆకాశానికి తెరిచిన వాకిలి, దాని చుట్టూ గదులు ఉండే పాత పెంకుటిళ్ళు) మీద పని మొదలుపెట్టినప్పుడు రెండు వారాల పాటు "మండువా" అన్న ఒక్క మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో తిప్పి తిప్పి వెతికాను, దొరికిన బ్లాగులు పట్టుకుని మొదటి రివ్యూకి వెళ్ళాను, "నడిమి వాకిలి వల్ల ఇల్లు చల్లగా ఉంటుందని రాశావు, ఎవరు కొలిచారు?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. సమాచారం లేక కాదు. చాలానే ఉంది, కాకపోతే మనం పిలిచే పేరుతో లేదు.

అందుకని ఇక్కడ సాధనాల పేర్ల జాబితా ఇచ్చి వదిలేయకుండా, మండువా ఇంటినే ఉదాహరణగా పెట్టుకుని మొదటి ప్రశ్న నుంచి చివరి నోట్సు దాకా ఎలా వెళ్ళాలో చెబుతాను. మీ టాపిక్ తెలంగాణ దొరల గడి కావచ్చు, గుండ్రటి చుట్టిల్లు కావచ్చు, హైదరాబాద్ మెట్రో స్టేషన్ల చుట్టూ ఉన్న వీధులు కావచ్చు. దారి ఇదే.

1. టాపిక్‌ని ప్రశ్నగా మార్చండి

"కోనసీమ సంప్రదాయ గృహ నిర్మాణం" అనేది టాపిక్. దాంతో డేటాబేస్‌లో ఏం వెతకాలో ఎవరికీ తెలియదు. "నాలుగు వైపుల నుంచి పెంకుల వాలు లోపలికి దిగే మండువా, ఉక్కపోత ఎక్కువగా ఉండే కోస్తాలో ఇంటి లోపలి వేడిని నిజంగా తగ్గిస్తుందా, ఎంత తగ్గిస్తుంది?" అనేది ప్రశ్న. ఈ వాక్యంలో వెతకాల్సిన ముక్కలు నాలుగు కనబడుతున్నాయి: ఇంటి రకం, ప్రాంతం, వాతావరణం, కొలవాల్సిన సంగతి. ఒక కాగితం తీసుకుని నాలుగు నిలువు గళ్ళు గీసి ఒక్కో ముక్కనీ ఒక్కో గడి పైన రాయండి. తర్వాతి పనంతా ఆ గళ్ళు నింపడమే.

2. మన మాటలకి వాళ్ళ మాటలు పట్టుకోండి

మొత్తం పనిలో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. చాలామంది పూర్తిగా వదిలేసేదీ ఇదే.

మండువాకి స్పెల్లింగే ఒకటి కాదు. చివరి అక్షరానికి ఒకరు వి రాస్తారు, ఒకరు డబ్ల్యూ రాస్తారు. "మండువా లోగిలి" అని కలిపి రాసేవాళ్ళున్నారు, విడదీసి రాసేవాళ్ళున్నారు. తెలంగాణలో ఇలాంటి ఇంటినే భవంతి ఇల్లు అంటారు. ఇవన్నీ మొదటి గడిలో రాసుకోండి. అయితే కాలిఫోర్నియాలోనో లండన్‌లోనో కూర్చుని పేపర్లకి సబ్జెక్టు పేర్లు తగిలించే మనిషికి ఈ మాటలేవీ తెలియవు, ఆయన దాన్ని "కోర్ట్‌యార్డ్ హౌస్" అని నమోదు చేస్తాడు. ప్రాచీన రోమన్ ఇళ్ళలో వాన నీరు పడే నడిమి తొట్టిని "ఇంప్లూవియం" అంటారు, దాని చుట్టూ ఉన్న జాగాని "యాట్రియం" అంటారు. మన మండువాలో వాన నీరు నాలుగు చూరుల నుంచి నడిమి గుంటలో పడే పద్ధతి దానికి చాలా దగ్గర. కాబట్టి ఆ రెండు మాటలూ రాసుకోండి. ఇక పక్క రాష్ట్రాల అక్కచెల్లెళ్ళు: కేరళలో నాలుకెట్టు, కర్ణాటకలో తొట్టి మనె, తమిళనాట చెట్టినాడు ఇళ్ళు. మీ ఇంటి మీద నేరుగా పేపర్ దొరక్కపోయినా వీటి మీద గట్టి పని జరిగింది. ఎన్.ఐ.టి. కాలికట్ వాళ్ళు కేరళ సంప్రదాయ ఇళ్ళలో గాలి, ఉష్ణోగ్రత కొలిచి 2010లోనే అంతర్జాతీయ జర్నల్స్‌లో అచ్చువేశారు. అదే వాలు పెంకులు, అదే ఉక్కపోత, అదే నడిమి వాకిలి. నా మొదటి రివ్యూలో అడిగిన ప్రశ్నకి దారి చూపించింది అలాంటి పేపర్లే.

మిగతా భాగాలకీ ఇదే పని చేయాలి. గూన పెంకుని "కంట్రీ టైల్" అనీ, మనం బెంగుళూరు పెంకు అనేదాన్ని "మంగళూర్ టైల్" అనీ వెతకాలి. వసారా, పంచపాళి అయితే "వరండా". అరుగుకి ఒక్క మాట సరిపోదు, "ప్లింత్", "రెయిజ్డ్ ప్లాట్‌ఫామ్", తమిళ పేపర్ల కోసం "తిన్నై" మూడూ వాడాలి. డంగు సున్నానికి "లైమ్ మోర్టార్" ఒకటే కాదు, బ్రిటిష్ కాలం నాటి రాతల్లో దాని పేరు "చునామ్". మిద్దెల మీద పనిచేసేవాళ్ళు "మడ్ రూఫ్"తో పాటు "మద్రాస్ టెర్రస్" కూడా రాసుకోండి, రెండూ వేరు వేరు కట్టడాలే అయినా ఒకదాని గురించి రాసినవాళ్ళు రెండోదాన్ని తప్పకుండా పోల్చి చూపిస్తారు.

వాతావరణం గడిలో మన సొంత మాటలు పెట్టొద్దు. మన బిల్డింగ్ కోడ్ దేశాన్ని ఐదు వాతావరణ మండలాలుగా విడదీసింది, అందులో కోస్తా "వామ్ అండ్ హ్యూమిడ్" కిందికి వస్తుంది, హైదరాబాద్ "కంపోజిట్" కిందికి వస్తుంది. పేపర్లు రాసేవాళ్ళు ఆ మాటలే వాడతారు.

ఒక సబ్జెక్టుకి సరైన ఇంగ్లీషు మాట తోచకపోతే గెట్టీ సంస్థ ఉచితంగా పెట్టిన "ఆర్ట్ అండ్ ఆర్కిటెక్చర్ థెసారస్" తెరవండి. ఒక మాట కొడితే దానికి పైమాట, కిందిమాట, పర్యాయపదాలు చెట్టులా విడదీసి చూపిస్తుంది. ఓ అరపూట దాంతో గడిపితే మీ గళ్ళ కాగితం నిండిపోతుంది.

3. ఏ అరలో ఏముంటుందో తెలుసుకోండి

డేటాబేస్ అంటే అన్నీ ఒకటే అనుకోవద్దు. కొన్ని ఇండెక్స్‌లు, అంటే ఫలానా వ్యాసం ఫలానా పత్రికలో ఫలానా పేజీలో ఉందని మాత్రమే చెబుతాయి, వ్యాసం ఇవ్వవు. కొన్ని పూర్తి వ్యాసమే ఇస్తాయి. ఈ తేడా తెలియకపోతే ఇండెక్స్‌లోకి వెళ్ళి "డౌన్‌లోడ్ బటన్ లేదు, ఇది పనికిరాదు" అని బయటికి వచ్చేస్తారు.

మన రంగానికి సొంత ఇండెక్స్ "ఏవరీ ఇండెక్స్". కొలంబియా యూనివర్సిటీలోని ఏవరీ లైబ్రరీ వాళ్ళు 1934లో మొదలుపెట్టారు. ఆర్కిటెక్చర్ పత్రికల్లో వచ్చిన వ్యాసాలను అంత ఓపికగా భవనం పేరుతో, ఆర్కిటెక్టు పేరుతో, ఊరి పేరుతో నమోదు చేసింది మరొకటి లేదు. చందా ఉన్న లైబ్రరీ ద్వారానే చూడగలం. చందా లేకపోతే లండన్‌లోని రిబా (బ్రిటిష్ ఆర్కిటెక్టుల సంస్థ) లైబ్రరీ కేటలాగ్‌ని ఆన్‌లైన్‌లో ఎవరైనా ఉచితంగా వెతకొచ్చు, అందులోనూ పత్రికా వ్యాసాల వివరాలుంటాయి. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ అనే ఇండెక్స్‌లు అన్ని రంగాలవి, కొలతలు, ప్రయోగాలు ఉన్న పేపర్లకి బాగుంటాయి, చరిత్రకి అంతగా కుదరవు.

పూర్తి వ్యాసాల వైపు వస్తే చరిత్రకి జేస్టోర్ అనే ఆన్‌లైన్ పత్రికల భాండాగారం. ఉచితంగా ఖాతా తెరిస్తే నెలకి 100 వ్యాసాలు ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చు, దించుకోవడం మాత్రం కుదరదు. జేస్టోర్‌లో చాలా పత్రికల తాజా మూడు నాలుగేళ్ళ సంచికలు ఉండవు, కాబట్టి అక్కడ 2024 పేపర్ కనబడలేదంటే అది లేదని కాదు. వేడి, గాలి, వెలుతురు లాంటి సాంకేతిక విషయాలకి "బిల్డింగ్ అండ్ ఎన్విరాన్‌మెంట్", "ఎనర్జీ అండ్ బిల్డింగ్స్" అనే రెండు జర్నల్స్ ముందు చూడండి, రెండూ సైన్స్‌డైరెక్ట్ అనే వెబ్‌సైట్‌లో ఉంటాయి. సంప్రదాయ ఆవాసాలకి బర్క్‌లీ నుంచి 1989 మొదలు వస్తున్న "ట్రెడిషనల్ డ్వెల్లింగ్స్ అండ్ సెటిల్‌మెంట్స్ రివ్యూ" తప్పనిసరి.

ఆర్క్‌నెట్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, మన విద్యార్థుల్లో సగం మందికి దాని పేరు తెలియదు. ముస్లిం సమాజాల నిర్మాణ కళ మీద ఎం.ఐ.టి., ఆగా ఖాన్ సంస్థ కలిసి నడిపిన ఉచిత భాండాగారం ఇది. కుతుబ్‌షాహీ సమాధులు, చార్మినార్ లాంటి వాటి మీద పనిచేసేవాళ్ళు ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. 1981 నుంచి 1992 దాకా వచ్చిన "మిమార్" పత్రిక 43 సంచికలూ అందులో ఉన్నాయి. మన దేశపు ఆధునిక ఆర్కిటెక్చర్ గురించి అప్పట్లో జరిగిన చర్చ, ప్లాన్లతో సహా, అక్కడ చదవొచ్చు.

మన దేశపు సిద్ధాంత గ్రంథాలకి శోధగంగ. గాంధీనగర్‌లోని యూజీసీ సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడుపుతుంది, లక్షల పీహెచ్‌డీ థీసిస్‌లు ఉచితం. అక్కడ ఒక్కో థీసిస్ అధ్యాయాలవారీగా వేరు వేరు ఫైళ్ళుగా ఉంటుంది. ముందు బిబ్లియోగ్రఫీ ఉన్న ఫైలు తెరవండి. మీ టాపిక్‌కి దగ్గరగా ఐదేళ్ళు కష్టపడినవాళ్ళు ఏమేం చదివారో ఒక్క జాబితాలో దొరుకుతుంది. దాని తర్వాత లిటరేచర్ రివ్యూ అధ్యాయం. మిగతావి అవసరాన్ని బట్టి.

4. తాళం చెవి ఎవరి దగ్గరుందో అడగండి

2025 జనవరి 1 నుంచి కేంద్ర ప్రభుత్వ పథకం "వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్" అమల్లో ఉంది. మూడేళ్ళకి ₹6,000 కోట్లు పెట్టి, 30 మంది అంతర్జాతీయ ప్రచురణకర్తల దాదాపు 13,000 జర్నల్స్‌ని 6,300కి పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకి అందుబాటులోకి తెచ్చారు. మీరు విజయవాడ ఎస్.పి.ఏ. (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్)లోనో, ఏదైనా ప్రభుత్వ యూనివర్సిటీలోనో చదువుతుంటే లైబ్రరీకి వెళ్ళి "మన కాలేజీ ఇందులో నమోదైందా, హాస్టల్ నుంచి లాగిన్ అవ్వడానికి నాకు ఐడీ ఇస్తారా?" అని ఈ రెండు ప్రశ్నలూ అడగండి. క్యాంపస్ వైఫైలో తెరుచుకునే పేపర్, ఇంటికొచ్చాక మూసుకుపోతుంది, ఆ సంగతి చాలామందికి సబ్మిషన్ ముందు రాత్రి తెలుస్తుంది.

మన దగ్గర చాలా ఆర్కిటెక్చర్ కాలేజీలు ప్రైవేటువి, వాటికి ఈ పథకం మొదటి దశ వర్తించదు. అలాంటి వాళ్ళకి దారులు లేకపోలేదు. కాలేజీకి డెల్‌నెట్ అనే లైబ్రరీల నెట్‌వర్క్‌లో సభ్యత్వం ఉంటే వేరే లైబ్రరీలో ఉన్న పుస్తకాన్నీ వ్యాసం కాపీనీ మీ లైబ్రేరియన్ తెప్పించగలరు. ఊళ్ళో ఉన్న ప్రభుత్వ యూనివర్సిటీ లైబ్రరీకి మీ ప్రిన్సిపాల్ ఉత్తరం తీసుకెళ్ళి కూర్చుని చదువుకుంటానని అడగొచ్చు. "అన్‌పేవాల్" అనే చిన్న ఎక్స్‌టెన్షన్ బ్రౌజర్‌లో పెట్టుకుంటే, రచయిత అదే పేపర్‌ని చట్టబద్ధంగా ఉచితంగా వేరే చోట పెట్టి ఉంటే అది చూపిస్తుంది. అదీ కుదరకపోతే నేరుగా రచయితకి ఈమెయిల్ రాయండి. పేపర్ మొదటి పేజీలో చిరునామా ఉంటుంది. మీరెవరు, ఏ ప్రశ్న మీద పనిచేస్తున్నారు, వాళ్ళ పేపర్‌లో ఏ భాగం మీకు కావాలి, ఈ మూడూ నాలుగు లైన్లలో రాస్తే చాలు. నేను రాసిన ఉత్తరాల్లో ఎక్కువ వాటికి జవాబు వచ్చింది, ఒకాయన పేపర్‌తో పాటు అచ్చులో చోటు చాలక వదిలేసిన సెక్షన్ డ్రాయింగ్ కూడా పంపించారు.

లైబ్రేరియన్‌తో అరగంట మాట్లాడటం గురించి ఒక్క మాట. "మండువా ఇళ్ళ మీద పుస్తకాలున్నాయా సార్?" అని అడిగితే లేవంటారు, ఎందుకంటే ఆ పేరుతో నిజంగానే లేవు. మీ గళ్ళ కాగితం చూపించి అడగండి.

5. మొదటి వెతుకులాట

గళ్ళలోని మాటల్ని కలపడానికి రెండు ఇంగ్లీషు మాటలు చాలు. ఒకే గడిలోని పర్యాయపదాల మధ్య "ఆర్", గడికీ గడికీ మధ్య "ఆండ్", రెండూ పెద్ద అక్షరాల్లో. రెండు మాటలు కలిసే రావాలంటే కొటేషన్ గుర్తుల్లో పెట్టండి. ఒక మాట చివర నక్షత్రం గుర్తు పెడితే దాని రకరకాల ముగింపులన్నీ చాలా డేటాబేస్‌లలో వస్తాయి. మండువా ప్రశ్న ఇలా తయారవుతుంది (మీరు ఇంగ్లీషులో టైప్ చేస్తారు):

("కోర్ట్‌యార్డ్ హౌస్" ఆర్ నాలుకెట్టు ఆర్ మండువా) ఆండ్ "వామ్ హ్యూమిడ్" ఆండ్ "సౌత్ ఇండియా" ఆండ్ (వెంటిలేషన్ ఆర్ "థర్మల్ కంఫర్ట్")

వందల్లో వస్తే ఒక గడి కలపండి, రెండు మూడే వస్తే ఒక గడి తీసేయండి. ఎప్పుడూ ఒక్కో మార్పే చేయండి, అప్పుడే ఏ మాట వల్ల ఏం మారిందో తెలుస్తుంది.

జాగ్రత్త పడాల్సిన చోట్లు కొన్ని ముందే చెబుతాను. స్కోపస్ లాంటి అన్ని రంగాల డేటాబేస్‌లో "ఆర్కిటెక్చర్" అన్న మాట పెడితే కంప్యూటర్ ఆర్కిటెక్చర్, నెట్‌వర్క్ ఆర్కిటెక్చర్ పేపర్లు వరదలా వచ్చిపడతాయి, దాని బదులు "బిల్డింగ్", "డ్వెల్లింగ్", "హౌస్" వాడండి. "యాట్రియం" కొడితే ఇప్పటి మాల్స్‌లో, ఆఫీసుల్లో గాజు కప్పున్న పెద్ద హాళ్ళ మీద పేపర్లు వస్తాయి, అవి మనకక్కరలేదు. వాటిని తీసేయడానికి "నాట్ ఆఫీస్" అని పెట్టాలనిపిస్తుంది, కానీ జాగ్రత్త, మంచి పేపర్లో ఎక్కడో ఒకచోట ఆఫీస్ అన్న మాట ఉన్నా అదీ పోతుంది. నేను "నాట్" వాడటం మానేశాను.

ఒక మంచి పేపర్ దొరికిన క్షణంలో ఆగండి. దాన్ని దించుకునే ముందు కింద ఇచ్చిన కీవర్డులు, సబ్జెక్టు హెడింగులు చూడండి. ఆ పేపర్‌ని ఆ డేటాబేస్ ఏ పేరుతో పిలుస్తోందో అక్కడ ఉంటుంది. ఆ పేరు మీద క్లిక్ చేస్తే దాని తోబుట్టువులన్నీ వస్తాయి. మీ గళ్ళ కాగితంలో ఆ మాట లేకపోతే చేర్చండి.

ఒక పాత నోట్‌బుక్ పెట్టుకుని తేదీ, డేటాబేస్ పేరు, ఏం కొట్టారు, ఎన్ని వచ్చాయి, ఎన్ని పనికొచ్చాయి అని ఒక్కో లైను రాస్తూ వెళ్ళండి. నెల తర్వాత మళ్ళీ అదే వెతుకులాట చేసి సమయం పోగొట్టుకోకుండా ఉంటారు, మెథడాలజీ అధ్యాయం రాసేటప్పుడు అదే మీకు ఆధారం.

6. ఒక పేపర్ పట్టుకుని ముందుకీ వెనక్కీ నడవండి

పది పన్నెండు మంచి పేపర్లు దొరికాక సెర్చ్ పెట్టె వదిలేయండి. ఇక పేపర్లే మిమ్మల్ని తీసుకెళ్తాయి. వెనక్కి అంటే ఆ పేపర్ చివర ఇచ్చిన రెఫరెన్సులు. ముందుకి అంటే ఆ పేపర్‌ని తర్వాత ఎవరెవరు ఉదహరించారో చూడటం, గూగుల్ స్కాలర్‌లో ప్రతి పేపర్ కింద "సైటెడ్ బై" అని ఒక లింకు ఉంటుంది.

నాకు ఈ పద్ధతి విలువ తెలిసింది మాధవి ఇంద్రగంటి గారి పేపర్ దగ్గర. ఆమె 2008 వేసవిలో, వానాకాలం మొదట్లో హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళని అడిగి, అక్కడి ఉష్ణోగ్రతలు కొలిచి, 2010లో "బిల్డింగ్ అండ్ ఎన్విరాన్‌మెంట్"లో అచ్చువేశారు. జనానికి హాయిగా అనిపించే ఉష్ణోగ్రత దాదాపు 26 నుంచి 32.5 డిగ్రీల దాకా ఉందని, అప్పటి కోడ్‌లో ఉన్న 23 నుంచి 26 డిగ్రీల హద్దు మన జీవితానికి సరిపోవడం లేదని అందులో తేల్చారు. నా టాపిక్ అపార్ట్‌మెంట్లు కాదు. అయినా నా ప్రశ్న మారిపోయింది. మండువా ఇల్లు చల్లగా ఉందా అని కాదు, అందులో ఉండేవాళ్ళకి హాయిగా ఉందా అని అడగాలి, "చల్లదనం" ఎవరి కొలతతో అన్నది ముందు తేల్చుకోవాలి. ఆ పేపర్ నుంచి వెనక్కి నడిస్తే రూర్కీ సి.బి.ఆర్.ఐ. (కేంద్ర భవన పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు శర్మ, అలీ 1986లో మన వేసవిలో హాయిని కొలవడానికి ప్రతిపాదించిన "ట్రాపికల్ సమ్మర్ ఇండెక్స్" దగ్గరికి చేరొచ్చు, ముందుకి నడిస్తే 2016లో వచ్చిన భారతీయ అడాప్టివ్ కంఫర్ట్ మోడల్ (బయటి వాతావరణాన్ని బట్టి మనిషికి హాయి అనిపించే ఉష్ణోగ్రత మారుతుందనే లెక్క) దగ్గరికి చేరొచ్చు. మూడు పేపర్లు, ముప్ఫై ఏళ్ళు. మన దేశంలో ఈ ఆలోచన ఎలా ఎదిగిందో అర్థమైపోతుంది, ఏ సెర్చ్ పెట్టె కూడా ఈ వరుసలో పెట్టి ఇవ్వదు.

ఇలా నడిచేటప్పుడు మీ నమ్మకానికి ఎదురు చెప్పే పేపర్లు కావాలని వెతకండి. నడిమి వాకిలి ఎప్పుడూ చల్లబరుస్తుందని మనందరి నమ్మకం. నిజానికి వేడిగా, పొడిగా ఉండే చోట రాత్రి ఆకాశంలోకి వేడి వదిలేసి వాకిలి చల్లబడుతుంది, ఉక్కపోత ఉన్న చోట ఆ లాభం తగ్గిపోతుంది, అక్కడ గాలి ఆడటమే ముఖ్యం. వాకిలి మరీ వెడల్పైతే మిట్టమధ్యాహ్నం ఎండ నేల దాకా పడి అదే వేడి పుట్టిస్తుంది. ఈ సంగతి పేపర్లలో చదివాకే నేను ప్రతి ఇంట్లో మండువా పొడవు వెడల్పులతో పాటు చూరు ఎత్తు కూడా కొలవడం మొదలుపెట్టాను, అంతకుముందు కొలిచిన నాలుగు ఇళ్ళకి మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది.

7. జర్నల్స్‌లో లేనిది పాత కాగితాల్లో ఉంటుంది

వందేళ్ళ కిందట మన పల్లెల్లో ఇళ్ళు ఎలా ఉండేవో జర్నల్స్‌లో దాదాపు దొరకదు. ఇక్కడ ఇంటర్నెట్ ఆర్కైవ్ ఆదుకుంటుంది. హెమింగ్‌వే రాసి 1907లో వచ్చిన గోదావరి జిల్లా గెజెటీర్, మెకంజీ 1883లో రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్ లాంటివి అక్కడ స్కాన్ చేసి ఉన్నాయి. జనజీవనం గురించిన అధ్యాయంలో ఊళ్ళు, ఇళ్ళ సంగతులు వెతకండి. ఒక్క జాగ్రత్త, అవి ఒక పాలకుడి కళ్ళతో చూసి రాసినవి, ఎవరి ఇల్లు చూశారు, ఏ పేటకి వెళ్ళలేదు అని మనం అడుగుతూ చదవాలి.

వీటిలో ఇప్పటి ఊరి పేర్లు పనిచేయవు. కాకినాడ ఆ రోజుల్లో "కోకనాడా", ఏలూరు "ఎల్లోర్", మచిలీపట్నం "మసూలిపటం", విశాఖపట్నం "వైజాగపటం", విజయవాడ "బెజవాడ", కృష్ణా "కిస్ట్నా". గోదావరికే రెండు స్పెల్లింగులు కనబడతాయి. పైగా స్కాన్ చేసిన పాత అచ్చుని కంప్యూటర్ తప్పుగా చదువుతుంది కాబట్టి సెర్చ్‌లో రాలేదంటే పుస్తకంలో లేదని అనుకోవద్దు, విషయసూచిక చూసి పేజీలు తిప్పండి.

అన్నిటికన్నా నాకు ఇష్టమైనది 1961 జనాభా లెక్కల గ్రామ సర్వేలు. ఆ లెక్కల సందర్భంగా ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని ఊళ్ళని ఎంచుకుని, ఒక్కో ఊరి మీద ఒక్కో పుస్తకం వేశారు. గోడలు దేంతో కట్టారు, కప్పు దేంతో వేశారు, ఎన్ని గదులు, ఏ కులం వాళ్ళు ఊళ్ళో ఎటువైపు ఉంటారు, ఇల్లు కట్టేటప్పుడు ఏ పూజ చేస్తారు అని రాసి, ఫొటోలూ స్కెచ్చులూ కూడా పెట్టారు. ఆర్కిటెక్చర్ విద్యార్థులు దీన్ని చూడకపోవడానికి కారణం ఒక్కటే, ఇది ఆర్కిటెక్చర్ డేటాబేస్‌లో ఉండదు, సెన్సస్ డిజిటల్ లైబ్రరీలో ఉంటుంది. మీ జిల్లాలో ఏ ఊరిని తీసుకున్నారో వెతికి, ఆ ఊరికి ఇప్పుడు వెళ్ళి చూడండి. అరవై ఏళ్ళ తేడా మీ కళ్ళ ముందు ఉంటుంది, అదే ఒక థీసిస్‌కి సరిపోతుంది.

తెలుగు పత్రికల కోసం రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం లాంటి చోట్లకి మనిషి వెళ్ళాల్సిందే. వెళ్ళే ముందు ఫోన్ చేసి ఏ రోజు తెరుస్తారు, ఫొటో తీసుకోనిస్తారా అని కనుక్కోండి.

8. చదవడం: ముందు బొమ్మలు

ఆర్కిటెక్చర్ పేపర్‌ని మొదటి లైను నుంచి చదవక్కర్లేదు. అబ్‌స్ట్రాక్ట్ చదివి నేరుగా డ్రాయింగుల దగ్గరికి వెళ్ళండి. స్కేలు ఉందా, ఉత్తరం గుర్తు ఉందా, సెక్షన్ ఇచ్చారా, థర్మామీటర్ ఏ గదిలో ఏ ఎత్తులో పెట్టారో చూపించారా? ఉత్తరం గుర్తు లేని ప్లాన్‌తో గాలి గురించి చెప్పే మాటని అంత తేలిగ్గా నమ్మలేం. తర్వాత మెథడ్: ఎన్ని ఇళ్ళు, ఎన్ని రోజులు, ఏ నెలలో. జనవరిలో మూడు రోజులు ఒక్క ఇంట్లో కొలిచి "సంప్రదాయ ఇళ్ళు చల్లగా ఉంటాయి" అని తేల్చిన పేపర్లు కూడా అచ్చవుతాయి. కంప్యూటర్‌లో సిమ్యులేషన్ మాత్రమే చేశారా, నిజమైన కొలతతో సరిచూశారా అన్నది మరీ ముఖ్యం. ఇవి దాటిన పేపర్‌నే పూర్తిగా చదవండి.

నోట్సుకి జొటేరో అనే సాఫ్ట్‌వేర్ వాడండి. ఉచితం, బ్రౌజర్‌లో ఒక్క నొక్కుతో పేపర్ వివరాలన్నీ తీసుకుంటుంది, వర్డ్‌లో రెఫరెన్సులు అదే పేరుస్తుంది. అయినా ఒక్కో పేపర్‌కి మీ మాటల్లో ఐదు లైన్లు తెలుగులో రాసుకోండి: ఏం అడిగారు, ఎలా కొలిచారు, ఏం తేలింది, నాకెందుకు, నేను ఎక్కడ ఒప్పుకోను. తెలుగులో ఎందుకంటే ఇంగ్లీషులో రాసుకుంటే తెలియకుండానే వాళ్ళ వాక్యాలే దిగిపోతాయి, తర్వాత ప్లేజియరిజం రిపోర్టు చూసి టెన్షన్ పడాలి. ప్లాన్లు, ఫొటోలు తీసుకుంటే అక్కడికక్కడే పేజీ నంబరు రాసుకోండి.

9. నమ్మదగిందా, కాదా

వారంలో అచ్చువేస్తాం, డబ్బు కట్టండి అనే జర్నల్స్ చాలా ఉన్నాయి, మనవాళ్ళు ఎక్కువగా మోసపోయేదీ అక్కడే. యూజీసీ నమ్మదగిన జర్నల్స్‌తో వేసే తన కేర్ జాబితాని 2025లో ఆపేసింది కాబట్టి ఇప్పుడు మనమే చూసుకోవాలి. ఉచిత జర్నల్ అయితే డి.ఓ.ఏ.జె. అనే ఉచిత జర్నల్స్ జాబితాలో ఉందా, లేకపోతే స్కోపస్ పత్రికల జాబితాలో ఉందా, ఎడిటోరియల్ బోర్డులో ఉన్నవాళ్ళు నిజంగా ఆ రంగంలో పనిచేస్తున్నారా, ఒకే సంచికలో ఆర్కిటెక్చర్, పశువైద్యం, బ్యాంకింగ్ అన్నీ కలిపి వేశారా అని చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

10. నిజంగానే ఏమీ దొరకని చోట

ఇవన్నీ చేశాక కూడా కొన్ని గళ్ళు ఖాళీగానే ఉంటాయి. కోనసీమ మండువా ఇళ్ళలో ఏడాది పొడవునా తేమ, ఉష్ణోగ్రత కొలిచిన పేపర్ నాకు ఒక్కటీ కనబడలేదు. అలాంటప్పుడు మీ నోట్‌బుక్ తెరిచి, ఏ ఏ డేటాబేస్‌లో ఏ ఏ మాటలతో ఎప్పుడు వెతికారో థీసిస్‌లో రాయండి. "దీని మీద పరిశోధన జరగలేదు" అని ఊరికే రాస్తే ఎవరూ ఒప్పుకోరు, ఈ పట్టిక పెడితే ఒప్పుకుంటారు. తర్వాత టేపు, డేటా లాగర్ (ఉష్ణోగ్రత, తేమ తనంతట తానే నమోదు చేసే చిన్న పరికరం) తీసుకుని ఆ ఇంటికి వెళ్ళండి. ఇంటివాళ్ళ అనుమతి తీసుకోండి, పెద్దవాళ్ళతో కాసేపు కూర్చోండి, దూలాలకి ఏ కర్ర వాడారో, పెంకులు ఏ పడవలో ఏ రేవుకి వచ్చాయో చెప్పేది వాళ్ళే.

పని పూర్తయ్యాక కీవర్డుల దగ్గర ఒక పది నిమిషాలు ఎక్కువ పెట్టండి. మండువా అన్న మాటని రెండు స్పెల్లింగులతోనూ రాయండి, పక్కన లోగిలి, భవంతి, కోర్ట్‌యార్డ్ హౌస్, వామ్ హ్యూమిడ్, మీ మండలం పేరు, జిల్లా పాత పేరు, కొత్త పేరు అన్నీ చేర్చండి. కొలిచిన డ్రాయింగుల పీడీఎఫ్ ఒకటి మీ కాలేజీ లైబ్రరీకి, ఒకటి ఆ ఊరి గ్రంథాలయానికి, ఒక ప్రింటు ఆ ఇంటివాళ్ళకి ఇవ్వండి.